కుంపిణీ దొరలూ, పత్రికలూ, మన మాటలూ

దత్తమండలాల చరిత్రలో 1827 జూలై 6వ తేదీ మరువరానిది. నాడు పత్తికొండలో చెన్నపట్టణం గవర్నరు సర్ థామస్ మన్రో కలరా సోకి మరణించినాడు. పదవి విడిచి స్వదేశానికి మరలిపోయే ముందు, పూర్వం తాను కలెక్టరుగా పనిచేసిన జిల్లాలను కడపటిసారి చూచి పోవలెనని బయలుదేరిన ప్రయాణమది. దేహాన్ని గుత్తికి తీసుకొనిపోయి ఖననం చేసినారు. కొన్నేండ్ల పిమ్మట అస్థికలను సెయింట్ జార్జి కోటలోని చర్చికి తరలించినారు. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థం ఒక తోపు వేయించి, మెట్లబావి త్రవ్వించినారు. గుంతకల్లు నుండి నంద్యాల పోయే రైలులో మద్దికెర స్టేషనున దిగేవారికి పత్తికొండ పెద్ద దూరం కాదు. మద్దికెర, పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలను కలుపుకొన్న ఈ పడమటి సీమ అంతా ఒకప్పుడు ఆయన గుడారాలు వేసుకొని తిరిగిన నేల. ఆ రోజులలో బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్న కుటుంబాలు కూడా ఉండేవి.

ఈ ప్రసంగంలో మేము చెప్పదలచినది మన్రో జీవితచరిత్ర కాదు. ఆయన 1822లో వ్రాసిన ఒక అభిప్రాయపత్రం ఆధారంగా, నేడు మన ఇండ్లలో తరచు వినవచ్చే ఒక ప్రశ్నను విచారించ దలచినాము. ప్రజల మాట మీద పెత్తనం ఎవరిది? సర్కారుదా, వర్తకుడిదా? చేతిలోని ఫోనులో మనం వ్రాసిన మాటను ఒకప్పుడు ప్రభుత్వం తీయించి వేస్తున్నది. ఒకప్పుడు ఆ వేదికను నడిపే కంపెనీయే తీసివేస్తున్నది. తీసివేసినది ఎవరో మాట్లాడినవాడికి తెలియని సందర్భాలూ ఉన్నవి. ఇది మన కాలానికి వచ్చిన కొత్త చిక్కు అని చాలామంది భావిస్తున్నారు. కాని వర్తకం, పాలన, నోటికి తాళం - ఈ మూడూ ఒకే చేతిలో ఉన్న కాలాన్ని మన ముత్తాతల తాతలు చూచినారు. దానికి వారు పెట్టిన పేరు కుంపిణీ.

1800లో నిజాము ఈ మండలాలను కుంపిణీకి ధారాదత్తం చేసినాడు. తన రాజ్యంలో ఉంచిన కుంపిణీ సైన్యం ఖర్చు క్రింద ఇచ్చినవి గనుకనే వీటికి దత్తమండలాలని పేరు. ఆదోని కోట అంతకు ముందు బిజాపూరు సుల్తానుల చేతికి, మొగలాయిల చేతికి, నిజాము సోదరుడు బసాలత్ జంగు చేతికి మారినది. ఊరూరా పాలెగాండ్ర కోటలు. మొత్తం మీద ఎనభైమంది వరకు పాలెగాండ్రు. ఆ కాలపు జ్ఞాపకం మద్దికెరలో ఇంకా పోలేదు. విజయదశమినాడు అక్కడి యాదవ వంశీకులు తలపాగాలు చుట్టి గుర్రాల మీద పందెంగా పరుగుతీసే వేడుకకు చుట్టుప్రక్కల ఊళ్లన్నీ తరలివస్తవి.

ఇటువంటి సీమకు మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు ఉన్నాడు. కచేరీలో కూర్చుండక ఊరూరా తిరిగి, గుడారం ముందు రైతులను కూర్చుండబెట్టుకొని, వారి భాషలో వారి మొర ఆలకించినాడు. మంత్రాలయం కథ ఎరుగనివారు ఈ ప్రాంతంలో అరుదు. మఠపు మాన్యాన్ని సర్కారులో కలుపుకొనే విచారణకై వచ్చిన దొరకు రాఘవేంద్రస్వామి బృందావనం నుండి దర్శనమిచ్చి మాట్లాడినారనీ, దొర మాన్యాన్ని మఠానికే విడిచి వెళ్లినాడనీ ఐతిహ్యం. చరిత్రకారులు ఆ కథను ఎట్లా తూచినా, జనం ఆయనను ఎంత దగ్గరివాడుగా భావించినారో దానివల్ల తెలుస్తుంది.

పాత కట్టుబాట్లను ఒక్క కలంపోటుతో తుడిచివేయరాదని నమ్మినవాడు మన్రో. గ్రామం, రెడ్డి, కరణం, పంచాయతి అనేవి తరతరాలుగా నిలిచిన వ్యవస్థలనీ, పైనుండి వచ్చిన చట్టం వాటిని తెలుసుకొనకుండా చెరిపితే నష్టమే తప్ప లాభం లేదనీ ఆయన మతం. సంప్రదాయాన్ని గౌరవించే పాలనకు ఆయన మంచి ఉదాహరణ. అట్టివాడు పత్రికలను గురించి వ్రాసిన మాటలు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

1822 ఏప్రిల్ 12వ తేదీన గవర్నరు హోదాలో ఆయన వ్రాసిన అభిప్రాయపత్రం సారాంశమిది. స్వేచ్ఛగల పత్రికలూ, పరాయివారి ప్రభుత్వమూ ఒకచోట చిరకాలం నిలువజాలవు. పత్రికకు స్వేచ్ఛ ఉన్నచో దానికి మొట్టమొదటి ధర్మం దేశాన్ని పరాయి కాడి నుండి విడిపించడమే అవుతుంది. కొద్దిమంది ఐరోపావారి కోసం పత్రికకు పగ్గాలు వదిలితే, ఆ మాట చివరకు దేశీయ సిపాయిల చెవిన పడుతుంది. సైన్యం చెదిరిననాడు రాజ్యమే చెదురుతుంది. కనుక పత్రిక మీద అదుపు ఉండితీరవలెను.

ఇది దుర్మార్గుడి వాదం కాదు. నిజం చెప్పడానికి వెనుదీయని ఒక పాలకుడి వాదం. తన ప్రభుత్వం పరాయిదని ఆయన ఒప్పుకొన్నాడు. ప్రజల మాటకు, తన అధికారానికి పొత్తు కుదరదని కూడా ఒప్పుకొన్నాడు. లోపం ఆయన తర్కంలో లేదు. ఆయన కొలువు చేసిన సంస్థ స్వభావంలో ఉన్నది. ఆ సంస్థ ఎట్టిదో కొంచెం చూడవలెను.

ఈస్టిండియా కుంపిణీ 1600లో ఇంగ్లండు రాణి ఇచ్చిన పట్టాతో పుట్టిన వర్తక సంఘం. వాటాదారులు, లాభాలు, లండనులో డైరెక్టర్ల సభ - అన్నీ వ్యాపారపు కట్టుబాట్లే. కాలక్రమాన ఆ వర్తకుడే సైన్యం పెట్టినాడు, శిస్తు వసూలు చేసినాడు, న్యాయస్థానాలు నడిపినాడు. నూలుబట్ట కొనేవాడూ అతడే, మగ్గం మీద పన్ను వేసేవాడూ అతడే. మొహతర్ఫా అనే ఆ పన్ను చెన్నపట్టణపు రాజధానిలో చాలాకాలం ఉన్నది. అన్నిటికన్న ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. కుంపిణీ లైసెన్సు లేనిదే ఇంగ్లండువాడు సైతం ఈ దేశంలో కాపురముండి వ్యాపారం చేయరాదు. ఎవడు వ్యాపారం చేయవచ్చునో నిర్ణయించే అధికారమే, ఎవడు నోరు విప్పవచ్చునో నిర్ణయించే అధికారంగా మారినది.

దానికి నిదర్శనాలు ఎన్నో ఉన్నవి. 1780లో కలకత్తాలో హికీ స్థాపించిన పత్రిక దొరలను ఎత్తిపొడిచినందుకు రెండేండ్లకే మూతబడినది. అచ్చుయంత్రాన్ని, అక్షరాలను పట్టుకొనిపోయినారు. 1799లో వెల్లస్లీ చేసిన నిబంధనల ప్రకారం ప్రతి పత్రికా అచ్చుకు ముందే సర్కారు కార్యదర్శికి చూపవలెను. మీరినవాణ్ణి ఓడ యెక్కించి ఐరోపాకు పంపివేస్తారు. ముందుగా చూపే పద్ధతిని 1818లో హేస్టింగ్సు ఎత్తివేసినా, వ్రాయగూడని విషయాల పట్టిక మిగిలే ఉన్నది. 1823లో జేమ్స్ సిల్క్ బకింగ్‌హామును దేశం వెడలగొట్టినప్పుడు అధికారులు పెద్ద విచారణ ఏదీ జరుపలేదు. ఈ దేశంలో ఉండడానికి అతనికిచ్చిన లైసెన్సును రద్దు చేసినారు, అంతే. ఆ యేడే తాత్కాలిక గవర్నరు జనరలు జాన్ ఆడం పత్రికలన్నిటికీ లైసెన్సు నిర్బంధం విధించినాడు. రాజా రామమోహనరాయలు ఆ శాసనాన్ని ఖండిస్తూ విన్నపాలు పంపి, ఫలితం లేకపోగా, అనుమతి యాచించి పత్రిక నడుపుట కంటె ఆపివేయుటే మేలని తమ పారశీక పత్రిక మీరాత్‌ను ఆపివేసినారు.

మన్రో పత్రికలను అదుపులో పెట్టమన్న సంవత్సరంలోనే మరొక గొప్ప పనికి కూడా ఉత్తర్వు చేసినాడు. చెన్నపట్టణపు రాజధాని అంతటా ఎన్ని బడులున్నవో, ఎందరు పిల్లలు చదువుతున్నారో లెక్క వ్రాయించవలెనని 1822 జూన్ 25న ఆదేశించినాడు. 1826 నాటికి తేలిన మొత్తం 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. ఆనాడు ఆదోని, పత్తికొండ ప్రాంతాలు బళ్లారి జిల్లాలోనివి. ఆ జిల్లా కలెక్టరు ఎ. డి. కాంబెల్ తెలుగుకు వ్యాకరణమూ, నిఘంటువూ వ్రాసిన పండితుడు. జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారని ఆయన 1823 ఆగస్టులో లెక్క పంపినాడు. లెక్కతో ఊరుకొనక, బడులు క్షీణించడానికి కారణం కూడా చెప్పినాడు. ఇంగ్లండు బట్టలు వచ్చి దేశీయ నేతను త్రోసిరాజన్నందువల్ల పనివాండ్ర బ్రతుకు చితికి, పిల్లలను చదివించుకొనే శక్తి పోయినదని నిర్మొగమాటంగా వ్రాసినాడు.

ఆ నివేదికను మనం రెండుసార్లు చదువవలెను. నేతగాడి ఇంట దీపం ఆరిపోతున్నదన్న సంగతి జిల్లా కలెక్టరుకు తెలుసు. ఆయన వ్రాసినదాన్ని గవర్నరు చదివినాడు. కాని ఆ సంగతిని బహిరంగంగా ప్రకటించే పత్రిక నేతగాడికి లేదు, నేతగాడి తరఫున వ్రాసేవాడికీ లేదు. నష్టం కలిగించిన వర్తకమూ, నష్టాన్ని విచారించే సర్కారూ ఒకే మనిషికి రెండు చేతులైనప్పుడు, నివేదిక బీరువాలోకి పోవడం తప్ప మరొక దారి లేదు.

రైతు విషయంలోనూ జరిగినది ఇంతే. శిస్తు భారమైనదనీ, నూటికి ఇరవైఅయిదు వంతులు తగ్గించవలసినదనీ మన్రో 1807లో పదవి విడిచేటప్పుడే సిఫారసు చేసినాడు. పైవారు వినలేదు. దానికి బదులు ఊళ్లకు ఊళ్లు మూడేండ్ల గుత్తకు, పిమ్మట పదేండ్ల గుత్తకు ఇచ్చే పద్ధతి పెట్టి గ్రామాలను కుదేలు చేసినారు. తగ్గింపు అమలులోకి వచ్చినది 1820లో, మన్రో తానే గవర్నరై తిరిగి వచ్చిన తరువాత. పదమూడేండ్లు గడిచినవి. మంచి అధికారి ఒకడు ఉండడం ప్రజల అదృష్టం కావచ్చును. కాని ఆ అధికారి ఓడ యెక్కి వెళ్లిపోయిననాడు ప్రజల చేతిలో మిగిలేదేమిటి? గుడారం ముందు మొర వినే దొర ఉన్నంతకాలం పత్రిక అక్కరలేదని అనిపించవచ్చును. గుడారం ఎత్తివేసిన మరునాడు గాని దాని అవసరం తెలియదు.

1813లో కుంపిణీకి ఇండియా వర్తకం మీద ఉన్న గుత్తాధిపత్యాన్ని ఇంగ్లండు పార్లమెంటు తొలగించినది. 1833లో వర్తకమే మానుకొమ్మని శాసించినది. తరువాత రెండేండ్లకు, 1835లో, మెట్‌కాఫ్ పత్రికల లైసెన్సులు రద్దుచేసినాడు. ఒకదాని వెంట ఒకటి వచ్చినంత మాత్రాన మొదటిదే రెండవదానికి కారణమని మేము అనము. అయినా పాలకుడు దుకాణం కట్టివేసిన పిమ్మటనే పత్రికకు ఊపిరాడినదని గుర్తుంచుకోవడం మంచిది. ఆ పని చేసినందుకు మెట్‌కాఫ్ మీద లండను డైరెక్టర్లు ఆగ్రహించినారు. ఆయనకు రావలసిన చెన్నపట్టణం గవర్నరు పదవి చేజారిపోయినది.

కుంపిణీ పోయి రాణి ప్రభుత్వం వచ్చినా పాత అలవాటు పోలేదు. కర్నూలులో 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బెజవాడ నుండి 'స్వరాజ్య' పత్రిక నడుపుతూ వ్రాసిన ఒక వ్యాసానికి 1908లో రాజద్రోహ నేరం క్రింద శిక్ష పొంది, మూడేండ్ల కఠిన కారాగారం అనుభవించినారు. 1910 పత్రికా శాసనం మరొక ఉపాయం పన్నినది. కొత్తగా ముద్రాశాల పెట్టేవాడు అయిదువందల నుండి రెండువేల రూపాయల దాకా ధరావతు కట్టవలెను. వ్రాత నచ్చకపోతే అది జప్తు. ధనికుడు ఈ ధరావతు కట్టగలడు. ఊరిలోని బడిపంతులో, చిన్న ముద్రాపకుడో కట్టలేడు. నిబంధనల భారం అందరి మీద సమానంగా పడినట్లు కనిపించి, చిన్నవాడి నడుమే విరుగగొడుతుంది. ఈ మాట నేటికీ వర్తిస్తుంది.

ఇంతటి కష్టకాలంలో తెలుగు పత్రిక ఎట్లా బ్రతికినది? కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి చరిత్ర అందుకు సమాధానం. వారు బొంబాయిలో 1893లో అమృతాంజనం తయారుచేసి అమ్మినారు. ఆ మందు ఇచ్చిన లాభంతో 1908లో 'ఆంధ్రపత్రిక' వారపత్రికను స్థాపించినారు. 1914లో చెన్నపట్టణం నుండి దినపత్రికగా వెలువరించినారు. సొంత ఆస్తి, సొంత వ్యాపారం ఉన్నవాడు ఎవరికీ జోలె పట్టనక్కరలేదు. వ్యాపారం స్వేచ్ఛకు శత్రువని కేకలు వేసేవారు ఈ చరిత్రను గమనించవలెను. స్వతంత్రమైన ఆస్తి పలుచోట్ల, పలువురి చేతులలో ఉన్నప్పుడు అది మాటకు గొడుగు పడుతుంది. ఒక్కరి చేతిలో పోగుపడి, ఆ ఒక్కరూ పాలకుడితో చేతులు కలిపితే గొడుగు పోయి కుంపిణీ మిగులుతుంది.

స్వరాజ్యం వచ్చినది. ఆదోని తాలూకా అప్పటికి మద్రాసు రాష్ట్రపు బళ్లారి జిల్లాలోనే ఉన్నది. 1953 అక్టోబరు 1న గాని ఆంధ్ర రాష్ట్రంలో, కర్నూలు జిల్లాలో చేరలేదు. ఆ మద్రాసు ప్రభుత్వమే 1949 నాటి శాంతిభద్రతల శాసనం క్రింద బొంబాయి నుండి వచ్చే 'క్రాస్‌రోడ్స్' వారపత్రికను తన రాష్ట్రంలోకి రాకుండా నిషేధించినది. 1950 మే 26న సుప్రీంకోర్టు రమేశ్ థాపర్ కేసులో ఆ నిషేధం చెల్లదని తీర్పు చెప్పినది. ఆ పత్రిక భావాలు మాకు సమ్మతమా కాదా అన్నది వేరు సంగతి. నచ్చని మాటకు కూడా న్యాయస్థానపు నీడ దొరికినది. కాని మరుసటి యేడే, రాజ్యాంగానికి మొదటి సవరణతో, ప్రభుత్వం ఆంక్షలు విధించగల కారణాల జాబితా పెరిగినది.

పిమ్మట నియంత్రణల యుగం. ఎమ్మిగనూరువారికి దాని రుచి ముందే తెలుసు. మాచాని సోమప్పగారు 1938లో అక్కడి నేతవారిని సహకార సంఘంగా కూర్చినారు. యుద్ధకాలంలో, 1943లో, నూలుబట్టల నియంత్రణ ఉత్తర్వులు వచ్చినవి. మగ్గానికి కావలసిన నూలు సర్కారు కోటా అయినది. మగ్గానికి నూలు ఎటువంటిదో పత్రికకు కాగితం అటువంటిది. 1956లో పుటల సంఖ్యను బట్టి పత్రిక ధర నిర్ణయించే శాసనం చేసినారు. 1962లో న్యూస్‌ప్రింటుకు కోటా ఉత్తర్వు వచ్చినది. 1972లో ఏ దినపత్రికా పది పుటలకు మించరాదన్నారు. చెప్పిన కారణాలలో ముఖ్యమైనది ఒకటి: పెద్ద పత్రికల గుత్తాధిపత్యం నుండి చిన్న పత్రికలను కాపాడుట. ఉద్దేశం మంచిదిగానే కనిపిస్తుంది. సుప్రీంకోర్టు 1961లో సకాల్ కేసులోను, 1972లో బెన్నెట్ కోల్మన్ కేసులోను ఆ వాదాన్ని త్రోసిపుచ్చినది. ఒకరి గొంతు తగ్గించి మరొకరి గొంతు పెంచడం ప్రభుత్వం పని కాదని ఆ తీర్పుల సారం. రెండవ కేసులో జస్టిస్ మాథ్యూ విభేదించి, కొద్దిమంది ధనికుల చేతిలో పత్రికలు చిక్కడం కూడా స్వేచ్ఛకు చేటేనని వ్రాసినారు. ఆ మాటనూ కొట్టివేయరాదు. ఆ దశాబ్దాలలోనే చక్రవర్తుల రాజగోపాలాచారిగారు లైసెన్సు, పర్మిట్, కోటాల రాజ్యమని ఈ పద్ధతిని ఎండగట్టినారు. 1959లో ఆయన స్థాపించిన స్వతంత్ర పార్టీకి మన ఎన్. జి. రంగాగారు మొదటి అధ్యక్షులు. వీరి హెచ్చరికలోని అంతరార్థం 1975 జూన్ 26న తెలిసివచ్చినది. ఆత్యయిక పరిస్థితి ప్రకటించిన ఆ రోజు నుండి పత్రికలు వెల్లస్లీ కాలంలో వలె అచ్చుకు ముందే అధికారికి చూపవలసివచ్చినది.

మా రేడియో సంగతి కూడా దాచనక్కరలేదు. 1933 శాసనం ప్రకారం రేడియోపెట్టె ఉన్న ప్రతి ఇంటికీ లైసెన్సు ఉండవలెను. శ్రోతలలో పెద్దలు ఏటేటా తపాలా కార్యాలయానికి వెళ్లి రుసుము కట్టి వచ్చిన సంగతి మరువరు. మాట్లాడడానికే కాదు, వినడానికి కూడా అనుమతి! ఆ రుసుము 1980వ దశకంలో గాని పోలేదు. ప్రసారమంతా ప్రభుత్వానిదే అయిన కాలం అది. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పినది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్ బి. పి. జీవన్‌రెడ్డిగారు ఉన్నారు. వారు విడిగా వ్రాసిన తీర్పులో రెండువైపులా పదునైన మాట ఒకటి చెప్పినారు. ప్రసారం మీద గుత్తాధిపత్యం ప్రభుత్వానిదైనా, మరొకరిదైనా వాక్స్వాతంత్ర్యానికి విరుద్ధమే; డబ్బుగల కొద్దిమంది చేతికి తరంగాలు చిక్కితే అది ఇంకా ప్రమాదకరం. మన్రో వ్రాతకూ, ఈ తీర్పుకూ మధ్య నూటడెబ్బది యేండ్ల దూరం ఉన్నది. ఆ దూరంలో మనం నేర్చినదంతా ఆ మాటలో ఉన్నదని మా అభిప్రాయం.

ఇక నేటి సంగతి. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘరులో ఇద్దరు యువతులను ఫేస్‌బుక్కులో వ్రాసిన మాటకు అరెస్టు చేసినారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు అందుకు ఆధారమైన 66ఎ సెక్షనును కొట్టివేసినది. ఆ ధర్మాసనంలోని ఇద్దరిలో ఒకరు కృష్ణాజిల్లావారైన జస్టిస్ జాస్తి చలమేశ్వరుగారు. అయినా ప్రభుత్వాల కోరిక చావలేదు. మన రాష్ట్రంలో 2007లో ఒక ప్రభుత్వం 938 నంబరు ఉత్తర్వుతోను, 2019 అక్టోబరు 30న మరొక పార్టీ ప్రభుత్వం 2430 నంబరు ఉత్తర్వుతోను, తమ మీద అసత్య వార్తలు వ్రాసేవారిపై కేసులు వేసే అధికారాన్ని అధికారులకు అప్పగించినవి. పార్టీలు మారినవి, కోరిక మారలేదు. 2023లో కేంద్రం, తన వ్యవహారాలపై ఏది నిజమో ఏది అబద్ధమో తానే ఏర్పరచిన విభాగం తేల్చునని నియమం చేసినది; 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు దానిని కొట్టివేసినది. మరుసటి యేడు సెప్టెంబరు 24న, అధికారుల తొలగింపు ఉత్తర్వులు కంపెనీలకు చేరవేసే 'సహయోగ్' పద్ధతిని ఎదిరించిన ఎక్స్ కంపెనీ వ్యాజ్యాన్ని కర్ణాటక హైకోర్టు త్రోసిపుచ్చినది. న్యాయస్థానాల త్రాసు ఒకసారి ఇటు, ఒకసారి అటు మొగ్గుతున్నది.

కంపెనీల వైపు చూస్తే అక్కడా ఊరట లేదు. 2021 జనవరిలో అమెరికా అధ్యక్షుడు పదవిలో ఉండగానే ఆయన ఖాతాలను ట్విట్టరు, ఫేస్‌బుక్కు మూసివేసినవి. ఆ అధ్యక్షుణ్ణి మెచ్చుకొన్నా, మెచ్చుకొనకపోయినా, ఎవరూ ఎన్నుకొనని కొద్దిమంది వర్తకుల చేతిలో అంత శక్తి ఉన్నదని లోకం ఆనాడు చూచినది. కోవిడు కాలంలో కొన్ని వ్రాతలు తీసివేయుమని ప్రభుత్వం తమను ఒత్తిడి చేసినదని ఫేస్‌బుక్కు అధిపతి జుకర్‌బర్గు 2024 ఆగస్టులో అమెరికా చట్టసభ సంఘానికి లేఖ వ్రాసినాడు. సర్కారు చెవిలో చెప్పడం, కంపెనీ తన నియమం పేర తీసివేయడం - ఈ పద్ధతిలో ఉత్తర్వు ఉండదు, సంతకం ఉండదు, న్యాయస్థానానికి పోదామంటే కాగితం ఉండదు. బకింగ్‌హాము లైసెన్సును రద్దు చేసిన నేర్పు ఇదే. ఆదోని మార్కెటులో పత్తి తూకం గురించి ఒక రైతు ఫోనులో పెట్టిన వీడియో రేపు మాయమైనదనుకొందాం. అతడు ఎవరిని అడుగవలెను? కంపెనీ సర్కారును చూపుతుంది, సర్కారు కంపెనీని చూపుతుంది.

కంపెనీల మీద మరింత కట్టుదిట్టమైన నియంత్రణాధికారిని నియమిస్తే సరిపోతుందని కొందరి సలహా. మాకు సందేహంగా ఉన్నది. 2021 నియమాల ప్రకారం యాభై లక్షలు మించి సభ్యులున్న వేదికలు ఈ దేశంలోనే నివసించే ముగ్గురు ప్రత్యేకాధికారులను నియమించవలెను. మహాకంపెనీకి ముగ్గురు అధికారుల జీతం లెక్కలోనిది కాదు. ఎదిగి ఆ అంకెకు చేరబోయే చిన్న వేదికకు మాత్రం అది 1910 నాటి ధరావతు వంటిదే. నిబంధనలు పెరిగినకొద్దీ పెద్దవాడు సర్కారుకు దగ్గరవుతాడు, చిన్నవాడు తెరమరుగవుతాడు. పెద్దవాడొక్కడే మిగిలిననాడు వానితో మాట్లాడుకొనుట సర్కారుకు మరీ తేలిక.

అయితే అసత్య ప్రచారానికి మందు లేదా, ఊళ్లలో చిచ్చు పెట్టే మాటలను కూడా వదిలివేయవలెనా అని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. పిల్లలను ఎత్తుకొనిపోయేవారు వచ్చినారన్న వదంతితో దారిన పోయేవారిని కొట్టిచంపిన ఘోరాలు 2018లో దేశంలో పలుచోట్ల జరిగినవి. హింసకు పురికొల్పేవాణ్ణి, పరువు తీసేవాణ్ణి, మోసగాణ్ణి శిక్షించడానికి చట్టాలు పూర్వం నుండీ ఉన్నవి. అవి మాట బయటికి వచ్చిన తరువాత, న్యాయాధికారి యెదుట, ఇరువాదాలూ విని శిక్షిస్తవి. సంప్రదాయంగా వచ్చిన న్యాయమార్గం అదే. దానికి కాలం పడుతుందని మేమెరుగుదుము. కాని తొందరలో కట్టిన గొంతులను తరువాత విప్పడానికి పట్టిన కాలం ఎంతో పైన చెప్పిన చరిత్రలో ఉన్నది.

కనుక మనం కోరవలసినవి కొద్దిపాటి విషయాలు, పాతవే. మాటను తీసివేయమనే ప్రతి ఉత్తర్వూ వ్రాతపూర్వకంగా, కారణంతో, బాధ్యుడి సంతకంతో ఉండవలెను. మాట పోగొట్టుకొన్నవాడికి ఆ ఉత్తర్వు నకలు అందవలెను; అతని వాదం వినవలెను; అంతిమ నిర్ణయం న్యాయస్థానానిది కావలెను. సర్కారు కంపెనీ చెవిలో చెప్పే ఆదేశాలు ఆగవలెను. వేదికలు ఒకటికి పది ఉండేటట్లు, చిన్నవాడు దుకాణం తెరవడానికి అడ్డంకులు తక్కువగా ఉండవలెను. పాలకుడు పాలకుడుగాను, వర్తకుడు వర్తకుడుగాను ఎవరి హద్దులో వారు ఉన్ననాడు వారి మధ్య మాటకు చోటు ఉంటుంది.

స్వేచ్ఛగల పత్రికకూ పరాయి ప్రభుత్వానికీ పొసగదని మన్రో వ్రాసినాడు. ఆయన చెప్పినది నిజమే; చరిత్ర దానిని రుజువు చేసినది. పత్రికలు బలపడినవి, పరాయి ప్రభుత్వం పోయినది. ఆ వాక్యాన్ని తిరగవేసి చదివితే మన కాలానికి కొలబద్ద దొరుకుతుంది. సొంతవారి ప్రభుత్వానికి ప్రజల మాటతో వైరం ఉండనక్కరలేదు. ఏ ప్రభుత్వమైనా, ఏ కంపెనీ అయినా ప్రజల మాటకు జంకి దానిని చాటుగా తుడిచివేయ జూచిననాడు, అది ఏ రంగు జెండా పట్టుకొన్నా, ఈ సీమ ప్రజలకు పరాయిదే అవుతుంది.